లేత బ్రౌన్ ఇంకు

నేను ఐదో తరగతి వరకే చదివా. అదీ పరీక్షలు రాసి, పాసయ్యానో లేదో చూసుకోకుండానే పొగాకు షెడ్డు పనికి పోయా. అందుకని ఇందులో తప్పులుంటే మీరే సర్దుకోండి. రాసేవాళ్ళు ఎట్టా మొదలుపెడతారో నాకు తెలవదు. నేను చెప్పాల్సింది ఒక ఇంకు బుడ్డి గురించి. దాన్ని కొనేటప్పుడు నేనొక పని చేశా. అది ఎందుకు చేశానో చెప్పాలంటే ఇరవై ఏళ్ళ కింద చేసిన ఇంకో పని చెప్పాలి. ముందు బుడ్డి సంగతి చెప్తా. అది కొంచెం తేలిక.

మా మనవరాలికి స్కూల్లో ఇంకు పెన్నుతోనే రాయాలని రూలుండేది. పై క్లాసుకి పోయాక బాలుపెన్నుతో రాయనిచ్చారంట, పాతది తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"నానమ్మా, దీన్ని నొక్కక్కర్లా. అదే పోద్ది" అంది.

నిజమే. నా కుడిచేతి బొటనవేలి కీలు ఎప్పుడో పాడయింది. పొగాకు పరిచీ పరిచీ అరిగిన వేలు అది. బాలుపెన్ను నొక్కి నాలుగు ముక్కలు రాస్తే మధ్యాహ్నం దాకా సలుపే. ఈ పెన్ను కాగితానికి ఆనిస్తే చాలు.

నేనొక ఉత్తరం రాయాల్సి ఉంది. చాలా ఏళ్ళ నుంచి ఉంది. చెయ్యి నొప్పి, ఎట్టా రాస్తాలే అని నాకు నేనే చెప్పుకుంటా వచ్చా. పెన్ను చేతికొచ్చాక ఆ వంక పోయింది. అయినా వెంటనే రాయలా. ముందు చెయ్యి తిరగాలి కదా అని రోజూ ఒక పేజీ రాయడం మొదలుపెట్టా. ఏం రాయాలో తెలిసేది కాదు. పొద్దున ఏం కూర వండామో, పాలాయన ఎప్పుడొచ్చాడో, పక్కింటోళ్ళ మిరపకాయలు కల్లంలో ఆరినయ్యో లేదో, ఇయ్యే రాసేదాన్ని.

మా కోడలు చూసి రామకోటి అనుకుంది. నా వయసు మనిషి రోజూ ఒక మూల కూర్చుని రాస్తుంటే ఇంకేమనుకుంటారు. "మీ నానమ్మ రామకోటి రాసుకుంటంది, ఆ టీవీ తగ్గించండి" అని పిల్లల్ని కసిరేది. నా పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టిపోయేది. ఏరోజూ కాదని చెప్పలా. ఆ గ్లాసు చూస్తే సిగ్గేసేది, అయినా నీళ్ళు తాగేదాన్ని.

పెన్నుతో పాటు మనవరాలిచ్చిన నీలం ఇంకు ఉండేది. కూరల గురించి రాసినన్నాళ్ళు దాంతో బానే ఉంది. ఒకరోజు ధైర్యం చేసి ఉత్తరం మొదలుపెట్టా. పైన "అక్కా" అని రాసి ఆగిపోయా. షెడ్డులో నేను చీటీలన్నీ నీలంతోనే రాసేదాన్ని. ఆ రంగులో ఆ మనిషికి ఇంకో ముక్క రాయడం నావల్ల కాలా. కాగితం చింపేశా. పక్క వారం ఒంగోలు పోయినప్పుడు బస్టాండు వెనకున్న పుస్తకాల షాపుకి పోయి, వేరే రంగు ఇంకు కావాలన్నా.

"రామకోటికా పెద్దమ్మా?" అన్నాడు షాపతను. అతనూ అదే అనుకున్నాడు. నేను తలూపా.

"అయితే ఎర్రది తీసుకో. అందరూ అదే తీసుకుంటారు."

"ఎరుపొద్దు బాబూ." ఎరుపంటే పంతులు తప్పులు కొట్టే రంగు.

"నలుపు?"

"నలుపూ వద్దు." మా ఇంటికి చావు కబురు కార్డులన్నీ ఆ రంగులోనే వచ్చినయ్యి.

ఆకుపచ్చ బుడ్డి తీసినట్టే తీసి మళ్ళీ లోపల పెట్టాడు. "ఇది పెద్దాఫీసర్లు సంతకాలు పెట్టేది. నువ్వేమన్నా సంతకాలు పెట్టేదుందా?"

"వేలిముద్ర కాకుండా సంతకం పెడతన్నానంటే అదే చాలు" అన్నా. నవ్వాడు. బ్రౌన్ ఎవరూ అడగరంటా కింది అరలోంచి మూడు బుడ్లు తీసి, పైన దుమ్ము చొక్కా చేత్తోనే తుడిచాడు. అగ్గిపుల్ల ముంచి ఒక తెల్లకాగితం మీద మూడు మచ్చలు పెట్టాడు.

ఒకటి పాతబడిన ఎండుమిరప తోలు రంగు, ఎరుపు కలిసింది. రెండోది ముదురు. పొగాకు కాల్చే బ్యారన్‌లో వేడి ఎక్కువై మాడిన ఆకులాగా ఉంది, ఇంతదూరం నుంచి కూడా కనపడుద్ది. మూడోది లేత. పసుపూ కాదు, బ్రౌనూ కాదు, ఏ కుప్పలో వెయ్యాలో చెయ్యికి తెలవని ఆకు ఉంటది, అట్టాంటి రంగు. నేను కాగితం రెండు చేతులతో పట్టుకుని షాపు గడప దగ్గరికి పోయి వెలుగుకి పెట్టి చూశా. అది నా అలవాటు. ఆకుని అట్టాగే చూసేవాళ్ళం.

"దొంగనోటు చూసినట్టు చూస్తన్నావే పెద్దమ్మా. ఒరిజినల్ కంపెనీయే అది" అన్నాడు.

"ఈ లేతది ఇయ్యి."

"అది రోజూ రాసుకోడానికి పనికిరాదు. పొద్దు వాలితే కనపడదు. కొన్నాళ్ళకి ఇంకా వెలిసిపోద్ది. ముదురుది తీసుకో. రాసింది కనపడాలిగా మరి."

"నా కళ్ళకి ఇదే హాయిగా ఉంది బాబూ."

అబద్ధం. నాకు వేరే ఏ విద్యా రాకపోయినా రంగు చూడ్డం వచ్చు. ఏ రంగు తెల్లకాగితం మీద కనపడుద్దో, ఏది కలిసిపోద్దో నాకు తెలవకపోవడమేంది. తెలిసే తీసుకున్నా. ఉత్తరం రాసినట్టూ ఉండాలి, ఎవరూ సరిగ్గా చదవలేనట్టూ ఉండాలి. బస్సులో కూర్చుని బుడ్డి ఒళ్ళో పెట్టుకున్నాక నాకే ఆ సంగతి అర్థమయింది. దిగిపోయి మార్చుకు రావచ్చు, బస్సు ఇంకా కదల్లా. దిగలా.

ఇప్పుడు ఆ అక్క గురించి చెప్పాలి.

సొంత అక్క కాదు. వాళ్ళు సాయిబులు. మా ఊళ్ళోనే ఉండేవాళ్ళు. పొగాకు షెడ్డులో ఆమె, నేను పన్నెండేళ్ళు ఒకచోట పనిచేశాం. బ్యారన్‌లో కాలిన ఆకుని మా ముందు పోస్తారు. ఒక్కో ఆకు రెండు చేతులతో పరిచి, వెలుగుకి చూసి, రంగుని బట్టి వేరే వేరే కుప్పలు వెయ్యాలి. మంచి పసుపు ఆకు ఒక కుప్ప, ఎరుపు తిరిగింది ఒకటి, పచ్చ మిగిలింది ఒకటి, మాడి బ్రౌన్ అయింది ఒకటి. చాలామందిమి లోపల చీకట్లో కూర్చునేవాళ్ళం. బాగా చూసే మనిషిని మాత్రం వాకిలి పక్కన వెలుగులో కూర్చోబెట్టేవాళ్ళు. ఆ చోటు అక్కది. ఆమె ఆకు పట్టుకుంటే చూసినట్టే ఉండేది కాదు, చెయ్యి దానంతటదే కుప్పలోకి పోయేది. మాకు అనుమానం వస్తే ఆకు పైకెత్తి చూపించేవాళ్ళం. "అది పసుపు కాదే, కళ్ళు తెరువు" అని అక్కణ్ణించే అరిచేది.

చదువొచ్చింది ఆ షెడ్డు ఆడోళ్ళలో నాకొక్కదానికే. అందుకని సాయంత్రం ఎవరి కుప్ప వాళ్ళది బేలు కట్టేటప్పుడు చీటీ రాసే పని నాది. ఒక్కొక్కరికీ ఒక నంబరు. అక్కది ఏడు. నాది ఎనిమిది. తేడా వస్తే ఎవరు ఏరిన ఆకో తెలియాలని ఆ నంబర్లు. కట్టే ముందు మేస్త్రి ప్రతి కుప్పా ఒకసారి కెలికి చూస్తాడు. ఏడు చీటీ ఉంటే మాత్రం కెలికేవాడు కాదు. "ఏడుకి చూసేదేముంది, కట్టండి" అనేవాడు.

ఆరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక నాకు నిద్ర ముంచుకొచ్చింది. ముందురోజు పిల్లాడికి జ్వరమని సరిగ్గా పడుకోలా. చీకట్లో కూర్చుని, చూడకుండానే ఆకు వేసుకుంటా పోయా. సాయంత్రం చూస్తే నా పసుపు కుప్పలో బ్రౌన్ అంచులు కనపడతన్నయ్యి. ఒకటీ రెండూ కాదు. మళ్ళీ ఏరాలంటే గంట పైన పట్టుద్ది, అందరూ కొంగులు దులుపుకుని లేస్తన్నారు. మేస్త్రి కెలికితే నలుగురిలో తిడతాడు. చీటీ మీద ఎనిమిది రాయబోయి ఏడు రాశా. ఆరోజు ఏడుకి ఒక బేలు ఎక్కువ పడిందని ఎవరూ లెక్క చూడలా.

అక్కకి చెడు చెయ్యాలని కాదు. దేవుడి మీద ఒట్టు. ఆమె నంబరుంటే విప్పరు, బేలు దాటిపోద్ది, అంతే అనుకున్నా. ఆమె మంచిపేరులో కొంచెం నేను వాడుకుంటే ఏం పోద్దిలే అనుకున్నా.

వేలం కాడ కొనేవాళ్ళు బేలు మధ్యలోంచి ఆకు లాగి చూశారు. ఆ పొగాకు పండించిన ఆసామి సరుకంతా పక్కన పెట్టేశారు. బేలు వెనక్కొచ్చింది. మేస్త్రి దాన్ని షెడ్డు మధ్యలో పడేసి కత్తితో గోనె కోశాడు. బ్రౌన్ ఆకు బయటికొచ్చి పడింది. చీటీ నా మొహం ముందు పెట్టాడు.

"నువ్వేగా రాసింది. ఎవరిది ఇది?"

"ఏడు" అన్నా.

"నా చెయ్యి అట్టాంటి ఆకు పట్టదు" అంది అక్క. వాకిలి పక్క నుంచి లేచొచ్చింది. చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమెకి అంకెలు కూడా రావు. నా వైపు చూసి మెల్లగా అడిగింది.

"ఏమే, ఇది ఏడేనా?"

"ఏడే అక్కా."

ఆమె కింద కూర్చుని ఆ బ్రౌన్ ఆకు ఒకటి తీసి వెలుగుకి పెట్టి చాలాసేపు చూసింది. "అయితే నా కళ్ళు పోతన్నయ్యి" అంది. అంతేగానీ నేను అబద్ధం చెప్పానన్న అనుమానం ఆమెకి రాలా. నామీద నమ్మకం ఉండి తన కళ్ళ మీద లేకపోయింది.

మరుసటి రోజు నుంచి ఆమెని రావద్దన్నారు. చుట్టుపక్కల షెడ్లలో కూడా ఆ మాట పాకింది, ఏడోనంబరుకి చూపు పోయిందంట అని. వాళ్ళాయన కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గుంటూరు వైపు మిరప పనికి పోయేరోజు బస్సు కోసం నిలబడినప్పుడు నాతో ఆ సంగతి చెప్పింది.

"డాక్టరు కళ్ళు బానే ఉన్నాయంటాడే. మరి ఆ ఆకెట్టా వచ్చింది?"

అప్పుడన్నా చెప్పొచ్చు. బస్సు వచ్చేదాకా ఇద్దరమే ఉన్నాం. చెప్పలా.

నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీల్లో తొడాలు తీసే పని చేసింది చాలా ఏళ్ళు. ఎండుమిరపకాయకి కాడ తుంచే పని. దానికి కళ్ళక్కర్లేదు, వేళ్ళుంటే చాలు. పొగాకు జిగురు ఎంత చేదైనా కడిగితే పోద్ది. మిరప మంట చేతుల్లోంచి పోదు, ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే ఇంక చెప్పక్కర్లా. ఊరొచ్చినప్పుడు ఎర్రటి కళ్ళతో వచ్చేది. "ఎట్టాగూ పోయే కళ్ళేగా" అని నవ్వేది.

నిరుడు ఒక పెళ్ళిలో పాత షెడ్డు మనిషి కనపడి చెప్పింది. అక్క ఇప్పుడు సింగరాయకొండలో కొడుకు దగ్గరుంటందంట. బియ్యంలో రాళ్ళు కూడా ఏరదంట, నా చూపు నమ్మకూడదమ్మా అని చేట కోడలికి ఇచ్చేస్తదంట. నా ముందు విస్తట్లో అన్నం అట్టాగే ఉండిపోయింది. ఇంక ఉత్తరం రాయకుండా ఉండకూడదనుకున్నా. నోటితో చెప్పలేను, అది నాకు తెలుసు.

లేత బ్రౌన్‌తోనే రాశా. నాలుగు రోజులు పట్టింది. అన్నీ రాశా. నిద్ర సంగతి, ఎనిమిది బదులు ఏడు రాసిన సంగతి, ఏడే అక్కా అన్న సంగతి. చివర్లో ఒక ముక్క ఉంది, దాన్ని రాసేటప్పుడు పెన్నులో ఇంకు అయిపోవస్తంది, ఇంకా లేతగా పడింది. నింపుకుని మళ్ళీ రాయొచ్చు. నింపలా.

పోస్టులో వేస్తే ఎవరు చదువుతారో తెలవదు, అందుకని నేనే పట్టుకుపోయి చదివి వినిపిద్దామని పోయా. సింగరాయకొండలో బస్సు దిగి, దారి అడుగుతా ఇల్లు పట్టుకున్నా. రేకుల వరండాలో అక్క మంచం మీద కూర్చునుంది. కోడలు కింద కూర్చుని చేటలో బియ్యం ఏరతంది.

"ఏమే, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా" అంది అక్క. "ముసల్దానివైపోయావే. ఆ జుట్టు చూడు."

"నీది తక్కువా అక్కా."

"నాకు కనపడదుగా, నల్లగానే ఉందనుకుంటా."

కోడలు నవ్వింది. నేను నవ్వలేకపోయా. మంచినీళ్ళు తాగి, సంచిలోంచి కాగితం తీసి, ఒక సంగతి రాసుకొచ్చా చదువుతా అన్నా. చదివా. చివరి ముక్క దగ్గరికొచ్చి, దాన్ని వదిలేసి కాగితం మడిచా.

కోడలి చెయ్యి చేటలో ఆగిపోయింది. అక్క చెయ్యి చాపింది.

"ఇటియ్యి ఆ కాగితం."

ఇచ్చా. ఆమె దాన్ని కోడలికి ఇచ్చింది. "నువ్వు చదువమ్మా. ఇదేం రాసుకొచ్చిందో, ఏం చదివిందో నాకెట్టా తెలుసుద్ది? ఒకసారి దీని చదువు నమ్మా."

ఆ మాటకి నేను తలెత్తలా. కోడలు కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుంది. "సరిగ్గా కనపడట్లేదు అత్తా, మరీ లేతగా ఉంది" అంది.

"వెలుగులోకి పో" అంది అక్క.

ఆ అమ్మాయి వరండా అంచుకి పోయి మొదట్నించీ చదివింది. తడుముకుంటా చదివింది, ఒక్కో మాట రెండుసార్లు. నేను రాసిన ప్రతి మాటా రెండుసార్లు విన్నా. చివరికొచ్చాక కాగితం ఇంకా పైకెత్తి, ఆగి ఆగి చదివింది.

"నువ్వు పోయినాక... వాకిలి పక్కన... నీ చోట్లో నన్ను కూర్చోబెట్టారు. పదకొండేళ్ళు... అక్కడే కూర్చున్నా."

అక్క నా వైపు తిరిగింది. "ఆ ముక్క నువ్వు చదవలా."

"చదవలా అక్కా."

"ఎందుకని?"

ఏడు రాసింది ఒక్క నిమిషం పని, నిద్రలో చేశా, భయంతో చేశా అని చెప్పుకోవచ్చు. వాకిలి పక్కన కూర్చుంది పదకొండేళ్ళు. దానికి ఏం చెప్పుకోవాలి. అక్కడ వెలుగు బాగుండేది. నాకు బాగుండేది.

అక్క కోడలి దగ్గర్నుంచి కాగితం తీసుకుంది. రెండు చేతులతో పరిచి పట్టుకుని, వెలుగుకి పెట్టింది. అచ్చం షెడ్డులోలాగే. అక్షరాలు రాకపోయినా పైనుంచి కిందదాకా చూసింది.

"ఇది పసుపూ కాదు, బ్రౌనూ కాదు" అంది. "కింద రెండు వరసలు ఇంకా పాలిపోయినయ్యి. అవునా?"

"అవునక్కా."

"చూశావా, కనపడతంది నాకు."

కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "మళ్ళీ రాసుకురా. కనపడే రంగుతో. మా ఆయన పోయేదాకా నా కళ్ళు పోయాయనే అనుకున్నాడు, ఆయనకెట్టాగూ చదివి వినిపించలేం. మా తమ్ముడున్నాడు, వాడూ అట్టాగే నమ్మాడు. చదువొచ్చు గానీ వాడికి నిజంగానే చూపు తక్కువ. వాడికీ కనపడాలి." అని కోడలి వైపు చెయ్యి చాపింది. "ఆ చేట ఇటియ్యమ్మా."

కోడలు నా మొహం వైపు ఒకసారి చూసి చేట ఇచ్చింది. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని బియ్యం పరిచి ఏరడం మొదలుపెట్టింది. నన్ను పొమ్మనలా, ఉండమనలా. కోడలు టీ తెచ్చింది. తాగేసి లేచా. "శనివారం వస్తా అక్కా" అన్నా. ఆమె తలెత్తకుండా ఒక రాయి తీసి బయటికి విసిరింది.

తిరిగొచ్చేటప్పుడు ఒంగోల్లో దిగి ఆ షాపుకే పోయా. ముదురు బుడ్డి చూపించి అది ఇయ్యమన్నా.

"చెప్పలా పెద్దమ్మా అప్పుడే? రామకోటి ఎంతవరకొచ్చింది?"

"రామకోటి కాదు బాబూ. ఉత్తరం. ఒకరికి చేసిన తప్పు రాస్తన్నా."

అతను బుడ్డి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి మా కోడలికి కూడా చెప్పా. ఆ సాయంత్రం మంచినీళ్ళ గ్లాసు పెట్టలా. మరునాడు పెట్టింది.

ఇప్పుడు మీరు చదివేది కూడా ఆ ముదురు ఇంకుతోనే రాశా. రోజూ రాసుకోడానికి ఇదే మంచిది. పాళీ కొంచెం ఒత్తుగా సాగుద్ది, రెండ్రోజులకోసారి గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. అక్క ఉత్తరం నిన్న పూర్తిచేశా. ఆరబెట్టి, గడపలో నిలబడి, రెండు చేతులతో పట్టుకుని చూశా. మసక వెలుగులో కూడా ప్రతి ముక్కా కనపడతంది. రేపే శనివారం. వాకిలి పక్కన కూర్చున్న సంగతి ఈసారి చివర్లో పెట్టలా, "అక్కా" అన్న మాట కిందే, మొదటి వరసలో రాశా.